పదిహేడో నంబరు

"ఆ నాలుగో అధ్యాయం తీసెయ్యమ్మా. ఇప్పుడే సంతకం పెట్టేస్తాను."

పరీక్ష చేయడానికి వచ్చిన ప్రొఫెసరు కలం మూత తీసి పట్టుకున్నాడు. బల్లకు ఇవతల నిలబడ్డ ఆమె కదల్లేదు.

"తీయను సార్."

గ్లాసుల్లో మంచినీళ్ళు పోస్తున్న అటెండరు చెయ్యి ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళుగా ఈ గదిలో ఇలాంటి పరీక్షలు చూస్తున్నాడు. డాక్టరేటు కోసం వచ్చినవాళ్ళు ప్రొఫెసరు తుమ్మినా తలాడించడమే చూశాడు. సంతకం గుమ్మం దాకా వస్తే మొహాన తలుపు వేసే మనిషిని ఇవాళే చూస్తున్నాడు.

ఆమెకు నలభై దాటి ఉంటాయి. కూర్చోమంటే "నిలబడ్డం అలవాటే సార్" అంది. చేతిలో పాత ఆకుపచ్చ పెన్ను. మూత విరిగితే దారం చుట్టి వాడుకుంటున్నట్టుంది.

టీవీ మీద పరిశోధన అంటే ఎవరైనా ముందు ఈ ప్రొఫెసరు పుస్తకమే తిరగెయ్యాలి. ఇరవై ఏళ్ళ కిందట ఆయన ఇల్లిల్లూ తిరిగి, టీవీ చూసే ఆడవాళ్ళ పక్కన నెలల తరబడి కూర్చుని రాశాడు. సీరియళ్ళు అత్తాకోడళ్ళ మధ్య నిప్పు పెడుతున్నాయని తేల్చాడు. ఆడవాళ్ళకు పేర్లకు బదులు నంబర్లు వేశాడు; ఆ తీర్పుకు పట్టుకొమ్మ పదిహేడో నంబరు. ఇస్త్రీ దుకాణం నడిపే ఇంటి కోడలు. ఈమె నాలుగో అధ్యాయం పొడుగునా ఆ కొమ్మనే నరికింది.

"పదిహేడో నంబరు రోజూ మూడు గంటలు ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి సీరియల్ చూసేది" అన్నాడు ప్రొఫెసరు. "చూపు తెర మీంచి మరలేది కాదు. పెదాలు కదుపుతూ లోలోపల అత్తను తిట్టుకునేది. ఐదు నిమిషాలకో టిక్కు పెట్టాను. ఆ కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి నా దగ్గర."

"పెదాలు కదలడం చూశారు. ఏమంటోందో విన్నారా సార్?"

"వినేదేముంది? తెర మీద కోడలు ఏమంటే ఇదీ అదే."

"ఆమె కోడల్ని చూడలేదు సార్. తెర అడుగున వార్తల అక్షరాలు పరుగెడుతుంటాయే, వాటిని కూడబలుక్కుని చదువుకుంది. చిన్నప్పుడు పోయిన చదువు అక్కడ దొరికింది ఆమెకి."

"మరి అత్త? పోట్లాడుకుంటారా అని అడిగితే, రోజూ అంది ఆవిడ!"

"నాలుగు రోజులు లేదనే అంది. ఐదో రోజూ మీరదే అడిగారు. పాపం ఎదురుచూస్తున్నాడు, పోనీలే అని అవునంది."

పక్క కుర్చీలో ఉన్న గైడు మేడమ్ దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇదంతా నీకెవరు చెప్పారు?"

"పదిహేడో నంబరే."

"పేరు?"

"పేర్లు బయటపెట్టకూడదని మీ పుస్తకం మొదటి పేజీలోనే ఉంది సార్."

ప్రొఫెసరు మొహం ఎర్రబడింది. అంతలోనే నవ్వాడు.

"చదువుకుందట! ఆఖరి రోజు అందరికీ తలో స్టీలు డబ్బా ఇచ్చాను. ఇది మాత్రం డబ్బా వద్దు, మీ జేబులో పెన్ను ఇవ్వండి అని పట్టుకుపోయింది. పిచ్చిది! వీపు గోక్కోవడానికి తప్ప దానికెందుకమ్మా పెన్ను?"

ఆమె పెన్ను మూతకు చుట్టిన దారం బిగించుకుంది. మాట తొణకలేదు.

"అధ్యాయం తీయను సార్."

"అయితే ఆ మనిషిని తెచ్చి నా ముందు నిలబెట్టు. నేను కూర్చున్న ఇళ్ళలో ఒక్క ముఖం కూడా మరచిపోలేదు, చూడగానే గుర్తుపడతాను. తేలేకపోయావో, నీ ఆరేళ్ళ కష్టం ఇలాగే వెనక్కి పోతుంది."

"పోనివ్వండి."

అటెండరుకు బయట బెంచీ మీద కూర్చున్న ముసలమ్మ గుర్తొచ్చింది. పొద్దున "మా పిల్ల పరీక్ష" అంటూ ఈమె వెంటే వచ్చింది. తలుపు సందులోంచి ప్రొఫెసర్ని చూసి, "అయ్యో, జుట్టంతా నెరిసిపోయిందే" అంది.

"ఆయన తెలుసా నీకు?" అని అడిగాడు అటెండరు.

"తెలియకేం? నెల రోజులు మా ఇంట్లోనే కూర్చున్నాడుగా. వంచిన తల ఎత్తకుండా గీతలు గీసుకునేవాడు. పక్కన పెట్టిన టీ చల్లారిపోయేది."

అటెండరు ఈ ముప్ఫై ఏళ్ళలో ఈ గదిలో పెదవి విప్పి ఎరగడు. నీళ్ళ జగ్గు కింద పెట్టాడు.

"ఆ మనిషి బయటే ఉంది సార్."

"వద్దు" అంది ఆమె గబుక్కున. అప్పటికే అటెండరు తలుపు తీశాడు.

ముసలమ్మ లోపలికొచ్చింది. ఏళ్ళ తరబడి ఇస్త్రీ పెట్టె తోసిన చేతులు, నరాలు తేలి ఉన్నాయి. ప్రొఫెసరు కళ్ళద్దాలు సవరించుకుని తేరిపార చూశాడు.

"ఆఁ, ఇదే! నేను చెప్పలా? వయసు మీద పడింది గానీ అవే కళ్ళు. పదిహేడో నంబరు! నిజం చెప్పు, సీరియల్ చూస్తూ మీ అత్తను తిట్టుకునేదానివా, కాదా?"

"మా అత్త నా పెళ్ళికి ముందే పోయింది బాబూ" అంది ముసలమ్మ. "నీ కాగితంలో నేను పదహారు."

కలం ఆయన వేళ్ళ మధ్య అలాగే ఉండిపోయింది.

"మరి పదిహేడు?"

ముసలమ్మ బల్ల చుట్టూ నడిచి వచ్చి, ఆకుపచ్చ పెన్ను పట్టుకున్న చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"ఇదిగో, నా కోడలు."