విశ్రాంతికి తొంభై ఏడు మార్కులు

అమెరికాలో డేటన్ ఊళ్లోని ఆ దంతవైద్య బీమా కంపెనీలో, జనం కొత్త ఏడాదికి బీమాలు తీసుకునే నవంబరు వచ్చిందంటే మనుషులు మనుషుల్లా ఉండరు. రోజుకి పదకొండు గంటలు ఫోన్లు. అవతలివాడు అమ్మనాబూతులు తిట్టినా "మీ ఓపికకి ధన్యవాదాలండీ" అనాలి. శుక్రవారం సాయంత్రానికి నాలుక కూడా నొప్పెడుతుంది.

ఇంతలా అలిసిపోతున్నారే, ఇంకో నలుగురిని పనిలో పెట్టుకుందామా అని యాజమాన్యం ఆలోచించింది. బాగా ఆలోచించి, అందరికీ తలా ఒక నీలం పట్టీ ఇచ్చింది.

మణికట్టుకి కట్టుకునే పట్టీ. నాడి, నిద్ర, కదలిక అన్నీ చూసి వారానికోసారి వందకి ఇన్నని విశ్రాంతి మార్కులు వేస్తుంది. ఇంట్లో కట్టుకుంటే చాలు, ఆఫీసులో అక్కర్లేదు. ఆఫీసులో విశ్రాంతి దొరకదన్న సంగతి పాపం వాళ్లకీ తెలుసు. రోజూ సాయంత్రం ఏడింటికి ఫోన్ మోగి, "ఈ రోజు దేనికి కృతజ్ఞులు? మూడు రాయండి" అని అడుగుతుంది. రాయకపోతే పది మార్కులు కోత.

మొదటి వారం కొరీన్‌కి ముప్పై ఒకటి వచ్చింది.

కొరీన్‌కి యాభై రెండేళ్లు. చేరి మూడు నెలలైంది. ఎవరితోనూ పెద్దగా కలవదు. సిబ్బంది వ్యవహారాలు చూసే పామ్ ఆవిణ్ణి గదిలోకి పిలిచింది.

"రాత్రి నాలుగేసి సార్లు లేస్తున్నారు. ఏం చేస్తుంటారండీ అంతలా?"

"ఇంట్లో పనులుంటాయి కదా మేడమ్."

"అదే మీ జబ్బు. పని వదల్లేకపోవడం. ఈ వారం యాభై దాటకపోతే శనివారం క్లాసుకి రావాలి. పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా. విశ్రాంతి ఎలా తీసుకోవాలో దగ్గరుండి నేర్పిస్తారు. రాకపోతే మీ ఫైల్లో రాయాల్సొస్తుంది."

విశ్రాంతి నేర్చుకోడానికి శనివారం ఆరింటికి లేవాలన్నమాట. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

"శనివారం మాత్రం వద్దు మేడమ్. నాకు కుదరదు."

"ఎందుకని?"

"సొంత పని మేడమ్," అని కొరీన్ కుర్చీలోంచి లేచింది. పాత ఉద్యోగంలో ఇంటి సంగతుల గురించి నోరు విప్పింది, నెల తిరక్కుండా ఆ ఉద్యోగం ఊడింది. ఇదీ ఊడితే ఉద్యోగంతో పాటు వచ్చే ఆరోగ్య బీమా పోతుంది. అలాగని శనివారం ఇల్లు కదిలే ప్రసక్తే లేదు. ఏం చేసైనా సరే, ఆ ఒక్క రోజూ వీళ్ల చేతికి చిక్కకూడదనుకుంది.

తర్వాతి వారం కొరీన్‌కి తొంభై ఏడు వచ్చింది. ఆ పై వారం మళ్లీ తొంభై ఏడు.

థాంక్స్‌గివింగ్ పండగకి ముందు శుక్రవారం అందరినీ హాల్లో కూర్చోబెట్టి, తలా ఒక గుమ్మడికాయ కూరిన తీపి రొట్టె ముక్క చేతిలో పెట్టారు. అరిజోనా నుంచి విశ్రాంతి గురువుని పిలిపించారు. పేరు స్టెర్లింగ్. నార చొక్కా, కాళ్లకి చెప్పుల్లేవు. బయట మంచు పడుతోంది. కారు తలుపు దాకా వచ్చి ఆగింది కాబట్టి ఆయన వైరాగ్యానికి ఏమీ కాలేదు.

కొరీన్ పట్టీ నమోదు చేసిన గీతల్ని గోడ మీద బొమ్మగా వేసి చూపించాడు.

"చూడండి. ఆదివారం పగలూ రాత్రీ ఒక్కసారి కూడా మంచం దిగలేదు. నాడి చూడండి, ఎంత నెమ్మదో. నా దగ్గర పదేళ్లుగా నేర్చుకుంటున్నవాళ్లకి కూడా ఇది రాలేదు."

"ఆదివారం మంచం దిగక్కర్లేని అదృష్టం మాకెప్పుడు పడుతుందో అక్కా," అన్నాడు పక్క సీటు లానీ. అందరూ నవ్వారు. లానీ రోజూ రాసే మూడు కృతజ్ఞతలూ పిజ్జాలే.

"ఇక కృతజ్ఞత," అని స్టెర్లింగ్ గొంతు తగ్గించి చదివాడు. "'ఊపిరి బాగా ఆడింది. కిటికీ తెర తీశారు. ఒకరు వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.' అంతే. మీరంతా కొత్త కారనీ, సెలవలనీ రాశారు. చూసి సిగ్గు తెచ్చుకోండి."

పామ్ కళ్లు ఒత్తుకుంది. కాటుక చెదరకుండా ఎలా ఒత్తుకోవాలో ఆవిడకి బాగా తెలుసు.

"రహస్యం మాక్కూడా చెప్పండి కొరీన్ గారూ," అన్నాడు స్టెర్లింగ్.

"రహస్యం ఏముందండీ. కదలకుండా ఉండడమే."

హాలంతా చప్పట్లు. ఒకావిడ ఆ ముక్క కాగితం మీద రాసుకుంది కూడా.

అప్పుడు పామ్ లేచింది. "మీకో శుభవార్త. వచ్చే వారం నుంచి మన శనివారం క్లాసుకి కొరీన్ గారే టీచరు."

కొరీన్ చేతిలో రొట్టె ముక్క పక్కన పెట్టేసింది. "శనివారాలు నాకు కుదరవని ముందే చెప్పాను కదా మేడమ్."

"అప్పుడు మీకు విశ్రాంతి తెలీదు. ఇప్పుడు తెలుసుగా. ఇంత గౌరవం ఇస్తే కాదంటారా? అది కృతజ్ఞత అనిపించుకుంటుందా చెప్పండి."

మళ్లీ చప్పట్లు. పెనం మీంచి పొయ్యిలో పడడమంటే ఇదే.

ఆ సాయంత్రం కొరీన్ ఇంటికెళ్లి, మళ్లీ సోమవారం దాకా రాని నర్సుని పంపించేసి, పద్నాలుగు నెలల కింద పక్షవాతంతో పడిపోయినప్పట్నుంచి వేలైనా కదపని మొగుణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టి, అతని మణికట్టు మీంచి ఆ నీలం పట్టీ విప్పేసింది.