గని మూతపడిన ఏటి వేట

“దగ్గరికొచ్చి పిడికెడు మట్టయినా వెయ్యలేదేం అమ్మాయ్?” శ్మశానం గేటు దాటుతూ అడిగాడు లబెల్.

ముసలాయన చేతికర్ర మంచు మీద జారుతుంటే సైమి ఆయన మోచెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. యాభై దాటిన తనని ఇంకా అమ్మాయ్ అని పిలిచేది ఊళ్ళో ఆయనొక్కడే. వేట సీజను మొదటిరోజు. పక్కింటి వెస్లీ పెన్‌రోజ్‌ని సాగనంపడానికి పట్టుమని పదిమంది కూడా రాలేదు. సుపీరియర్ సరస్సు మీంచి వీస్తున్న గాలిలో తుపాకుల చప్పుడు వినబడుతూనే ఉంది.

ముందువైపు మగజింకని కట్టుకుని ఓ కారు హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి పోయింది.

“కార్లోంచి దిగకుండానే కాల్చి ఉంటాడు వెధవ! వేటంటే మీ నాన్నది” అన్నాడు లబెల్.

ఆయనింట్లో పొయ్యి రాజేసి కాఫీ పెట్టింది సైమి. లబెల్ ఒకప్పుడు ఫారెస్టు గార్డు. అంతకుముందు ఇనుప గనిలో సైమి తండ్రి యాల్మరి పక్కన పార పట్టినవాడు.

“కొత్తలో మా ఇద్దరికీ కలిపి ఒకటే తుపాకీ. నేను చెట్టు చెట్టుకీ పరిగెత్తేవాణ్ణి. మీ నాన్న మొద్దు మీద కూర్చుంటే కూర్చున్నట్టే. ‘ఒరే, నువ్వు దగ్గితే పక్క ఊరి జింకలు కూడా పారిపోతాయి. నోరు మూసుకు కూర్చో, అదే వస్తుంది’ అనేవాడు. వచ్చేది కూడా!”

“నోట్లో మంచు పెట్టుకోమనేవాడు. ఊపిరి ఆవిరి జింకకి కనబడకూడదని” అంది సైమి.

“నాకూ పెట్టించాడు. పళ్ళు జివ్వుమనేవి.”

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

తండ్రి మొదటిసారి అడవికి తీసుకెళ్ళేనాటికి సైమి చిన్నపిల్ల. ఆ రోజు కొట్టిన జింక కాలేయాన్ని అమ్మ ఉల్లిపాయలతో వేయించింది. మిగిలిన మాంసాన్ని పెరట్లో ఆవిరిస్నానాల గదిలో వేలాడదీశారు. ఒక తొడ పక్కింటి పెన్‌రోజ్ వాళ్ళకి వెళ్ళింది. దాన్ని మోసుకెళ్ళడానికి వాళ్ళబ్బాయి వెస్లీ వచ్చాడు. రక్తం చూసి మొహం తిప్పుకుంటే సైమి వాణ్ణి వారం రోజులు ఏడిపించింది.

మరుసటి ఏడు గని మూతపడింది. సీజను లేదు, లైసెన్సు లేదు, ఊరంతా దొంగచాటుగా వేటాడింది. క్రిస్మస్ నాటికి అడవి ఖాళీ. తండ్రి చీకటితో వెళ్ళి ఉత్తచేతులతో వచ్చేవాడు. రోజూ టర్నిప్ దుంపల నీళ్ళే. తిండి చాలక తమ్ముడి మోకాళ్ళు వాచాయి. అమ్మ పేదలకి సాయమిచ్చే కౌంటీ ఆఫీసుకి వెళ్ళి పిండి అడిగితే, “దుక్కలాంటి మగాణ్ణి ఇంట్లో పెట్టుకుని అడుక్కోడానికి సిగ్గులేదా? మొగుడు చచ్చినా, జైలుకెళ్ళినా అప్పుడు రా” అని తరిమేశారు. అమ్మ ఆ మాట ఇంటికొచ్చి చెప్పుకుని ఏడ్చింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఎట్టకేలకు ఓ బక్కజింక దొరికింది. దాన్ని ఆవిరిగదిలో నేలచెక్కల కింద దాచారు. ఎప్పటిలాగే పక్కింటికి కాస్త పంపారు. వారం తిరక్కుండా ఒక పొద్దున, అప్పటికే ఫారెస్టు గార్డయిన లబెల్ ఇద్దరు పోలీసులతో వచ్చి, తిన్నగా ఆ గదిలోకే వెళ్ళి, తిన్నగా ఆ చెక్కే ఎత్తాడు. నాన్న గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు. ఒక్క మాటా అనలేదు. తమ్ముడి తల నిమిరి బండెక్కాడు.

కౌంటీ పిండి, చిక్కుళ్ళు, కొవ్వు ఆ శనివారమే వచ్చాయి. తమ్ముడు బతికాడు. నాన్నకి జైల్లో న్యుమోనియా పట్టుకుంది. మంచు కరగకముందే శవమై వచ్చాడు.

“మీ మీద నాకు కోపం లేదు లబెల్‌గారూ. మీది ఉద్యోగం” అంది సైమి, కప్పులోకి చూస్తూ. “కానీ నాన్న పంపిన మాంసం తిని, నాన్ననే పట్టిచ్చినవాడి కొడుకు సమాధి మీద మట్టి వెయ్యమంటే నా చెయ్యి రాదు.”

“ఎవరు? పెన్‌రోజా?”

“ఇంకెవరికి తెలుసు ఆ మాంసం సంగతి?”

లబెల్ కప్పు కింద పెట్టాడు. “వెస్లీ నిన్ను పెళ్ళికి అడిగాడని విన్నాను.”

“అడిగాడు. మీ నాన్న చేసిన పని తెలుసా అన్నాను. మా నాన్న అలాంటివాడు కాదు సైమీ అన్నాడు. మొహం మీదే తలుపేశాను. పెళ్ళి చేసుకోకుండా ఆ పక్కింట్లోనే ఉండిపోయాడు. ఏటా చలికాలమంతా నేను లేచేసరికి నా గుమ్మం ముందు మంచు ఎత్తేసి ఉండేది. ఆ దారి తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని.”

“మీ అమ్మని చూసుకోవాలని పెళ్ళి మానేశావనుకున్నానే!”

“అందరూ అదే అనుకున్నారు.”

ముసలాయన కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాడు.

“పెన్‌రోజ్ కాదమ్మా. ఆయనకి పాపం ఏమీ తెలీదు. మీ అమ్మ బతికున్నంతకాలం ఎవరికీ చెప్పనని బైబిల్ మీద ఒట్టు వేయించుకున్నాడు నా దగ్గరికొచ్చి చెప్పినవాడు. మొన్న వేసవిలో ఆవిడా పోయింది కాబట్టి...”

సైమి లేచి నిలబడింది. “ఎవడు వాడు? ఉన్నాడా ఇంకా?”

లబెల్ తల అడ్డంగా ఊపాడు.

“ఆ రోజు నా తలుపు తట్టింది మీ నాన్నే.”