టీవీలో తెరుచుకున్న ఫోను

"డిస్‌ప్లే పోయి నెల దాటిందన్నా. మీ మరదలు అలిగి పుట్టింటికెళ్లిన రోజే విసిరికొట్టా," అంటూ లారీ డ్రైవరు నా కౌంటరు మీద ఫోను పెట్టాడు. తెర మొత్తం నలుపే. "రోజూ టింగుటింగుమంటూనే ఉంది. ఎన్ని మెసేజీలు పెట్టిందో పాపం! నేను పలకట్లేదనుకుంటుందేమో."

"కొత్త డిస్‌ప్లేకి వారం పడుతుంది తమ్ముడూ. ఆగుతావా?"

"ఆగే ఓపికుంటే నీ దగ్గరికెందుకొస్తా!"

సరేనని ఆ ఫోన్ని కేబులుతో షాపులో టీవీకి తగిలించి, మౌసు చేతికిచ్చాను. లాకు తీయడానికి అతను వేలు ఆనించగానే ఫోను కంప్యూటరులా టీవీ నిండా తెరుచుకుంది. ఆవిడే ఎదురొచ్చినట్టు చొక్కా సర్దుకున్నాడు.

నూట నలభై మెసేజీలు. లోన్లు, రీచార్జీలు, సగం ధరకే చెప్పులు. కిందిదాకా లాగాడు, మళ్లీ పైదాకా లాగాడు. ఆవిడ పేరు ఎక్కడా లేదు.

నేనే గొంతు సవరించుకుని, "డిస్‌ప్లే ఆర్డరు పెట్టేదా? నీకని తగ్గించి వేస్తాలే," అన్నాను.

"వద్దన్నా." కేబులు తనే పీకేశాడు. "ఇలాగే ఉండనీ. మోగుతోందిగా, చాలు."

మెట్లు దిగుతుంటే జేబులో టింగుమంది. అక్కడే ఆగిపోయి, జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు.