మొదటి జమ్మి

యాభై ఐదేళ్లు దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఒత్తులు తప్పితే మన్నించండి. చెయ్యి నెమ్మది. ఈ ఒక్క పేజీకి తొమ్మిది రోజులు పట్టింది. అందుకే ముచ్చట పొట్టిగా చెబుతాను.

గోదావరికి ఇవతల, బొగ్గు బాయికి ఆనుకుని ఒక ఊరు. ఆ ఊళ్లో రాజం అని ఒక రైతు. మూడెకరాల పొలం, ముప్పై ఎకరాల మీసం.

దసరా నాడు ఊరంతా జమ్మి చెట్టు దగ్గరికి పోతుంది. పూజ అయ్యాక మొదటి ఆకు ఊరి పెద్దమనిషి చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతారు. ఆ తర్వాతే మిగతావాళ్లు ఒకరికొకరు పంచుకుంటారు. ఆ మొదటి చెయ్యి మూడు తరాలుగా కొమురెల్లి ఇంటిది. అది తనదై తీరాలని రాజం పంతం.

అందుకోసం అతను వెయ్యని వేషం లేదు. కొమురెల్లి అరుగు కంటే జానెడు ఎత్తుగా అరుగు కట్టించాడు. వానకు ఇల్లు కురుస్తుంటే కప్పు సంగతి చూడలేదు, ఎడ్ల మెడకు ఇత్తడి గంటలు తెచ్చాడు. బాయి డ్యూటీ దిగి వచ్చినవాళ్లను అరుగు మీద కూర్చోనిచ్చేవాడు కాదు. వాళ్ల బట్టల మసి అంటుతుందట. అతని ఎర్ర తలపాగా చూసి పిల్లలు నవ్వితే, అది కూడా మర్యాదే అనుకున్నాడు.

ప్రతి దసరాకూ ముందు వరసలో నిలబడి చెయ్యి సగం చాపేవాడు. ఆకు కొమురెల్లి చేతిలో పడేది. చాపిన చేత్తో రాజం మీసం దువ్వుకునేవాడు.

ఒకసారి భార్య పోశవ్వ ఉండబట్టలేక అడిగింది.

"ఇంట్ల చింతపండు లేదు. గా ఆకు తెచ్చి చారు కాస్తవా?"

"గది ఆకు గాదే" అన్నాడు రాజం. "ఊరు."

 ఈ మనిషితో వాదించే బదులు పొయ్యి ఊదుకుంటే అన్నమైనా ఉడుకుతుందనుకుంది పోశవ్వ.

అట్లా పద్దెనిమిది దసరాలు గడిచాయి. రెండు వేల ఏడు ఎండాకాలంలో కొమురెల్లి తనంతట తానే వచ్చి రాజం గడప తొక్కాడు.

"ఇగ పెద్దరికం నీదే బావా. నాతోని గాదు."

రాజం అతన్ని కూర్చోమని కూడా అనలేదు.

"ఏంది, మోకాళ్లు వంగినయా?"

"ఇంకొక్కసారి సోంచాయించు బావా. మొండికి పోకు."

"నీ పీట నేనెక్కుతుంటె కడుపు మండుతున్నదా?"

కొమురెల్లి వెనక్కి తిరిగాడు. పోతూ పోతూ తలుపు పక్కన నిలబడ్డ పోశవ్వ వైపు ఒకసారి చూశాడు. ఆమె తల దించుకుంది.

"చూసినవా, భయపడ్డడు" అన్నాడు రాజం.

అంతే, రాజం దశ తిరిగింది. అప్పటిదాకా 'అతను', ఇక 'ఆయన'. ఆయన మాటకు ఎదురు చెప్పే నోరు లేదు. చెరువు నీళ్లు ముందు ఆయన మడికే. ఆయన బండి తోలుకొస్తే ఎదురుగా మరో బండి అడ్డం రాలేదు. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని తీర్పులు చెప్పేవాడు. కాదన్నవాడు లేడు. బాయి బ్లాస్టింగుకు గోడలు అదిరి అరుగంతా దుమ్ము పడితే పోశవ్వ ఊడ్చి, మళ్లీ ఊడ్చేది. ఆయన దగ్గితే ఊరి ఆ చివరి దాకా వినిపించేది. అది కూడా తన గొప్పే అనుకున్నాడు.

దసరా వచ్చింది. ఆయన తలపాగా చుట్టి, మీసానికి నూనె రాసి, గంటల ఎడ్లను ముందు నడిపించుకుంటూ చెట్టు దగ్గరికి బయలుదేరాడు. పోశవ్వ వెనకాల నడిచింది. ఈసారి ఆయన ముందు ఎవరూ నిలబడలేదు. మొదటి జమ్మి ఆయన చేతిలోనే పడింది. పెట్టి కాళ్లు మొక్కింది పోశవ్వ.

 ఆయన ఆకు జారకుండా రెండో చేత్తో పట్టుకున్నాడు. పద్దెనిమిదేళ్లుగా నోట్లో దాచుకున్న దీవెనను గొంతెత్తి, అందరికీ వినపడేలా ఇచ్చాడు.

"ఊరంత సల్లగుండాలె."

ఇట్లు పోశవ్వ, అరవై రెండేళ్లు, పునరావాస కాలనీ: ఓపెన్‌కాస్టు గని కోసం ఊరంతా, కొమురెల్లి ఇంటితో సహా, ఆ దసరాకు నాలుగు నెలల ముందే ఇక్కడికి తరలి వచ్చేసింది, అక్కడ మిగిలింది నేనూ, మా ఆయనా, రెండెడ్లూ.