ఈ ఊరు నాది కాదు

"ఆర్డరు కాపీ ఏమైనా తెచ్చారా సార్?" అని చేతులు కట్టుకుని అడిగాడు హెడ్ క్లర్కు.

కొత్త ఆఫీసరుకి ఒళ్ళు మండిపోయింది. ఇరవయ్యారేళ్ళవాడు. లక్షల మంది రాసిన పరీక్షలో నెగ్గుకొచ్చినవాడు. పుట్టి బుద్ధెరిగాక మహానగరం పొలిమేర దాటనివాడు. రైలు దిగితే కారు లేదు, కనీసం ఒక మనిషి లేడు. కనబడ్డ ప్రతివాణ్ణీ దారి అడుగుతూ, పెట్టె తనే మోసుకుంటూ చెమటలు కక్కుతూ ఆఫీసుకొస్తే, ఈయనేమో కాగితం అడుగుతున్నాడు.

"నన్ను చూస్తే ఆఫీసరులా లేనా?"

హెడ్ క్లర్కు అతని బూట్లు చూశాడు. కళ్ళజోడు చూశాడు. ఆ తర్వాత, మూడేళ్ళుగా ఖాళీగా పడున్న పెద్ద కుర్చీకేసి చూశాడు.

"అయ్యయ్యో, ఎంత మాట! కాగితాలదేముంది సార్. మనిషి వచ్చారు, మాకదే పదివేలు" అంటూ తన తువ్వాలుతోనే కుర్చీ దులిపాడు.

క్వార్టర్సు తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. "తమరొస్తారని మాకు తెలీదండి" అంటూ అటెండరు రాయి పెట్టి తాళం పగలగొట్టాడు. లోపల ఒక మంచం, ఒక ఫ్యాను. ఫ్యాను తిరుగుతుందిగానీ గాలి రాదు.

సిగ్నల్ కోసం మేడెక్కి వాళ్ళమ్మకి ఫోన్ చేశాడు.

"అందరూ పిలవని పేరంటానికొచ్చినట్టు చూస్తున్నారమ్మా నన్ను!"

"ఊరి పేరేమిట్రా? పక్కింటి పిన్నిగారు అడుగుతోంది."

"ఏ ఊరైతే ఏంటమ్మా, అన్నీ ఒకటే. ఒక రోడ్డు, ఒక గడియారం. అదీ ఆగిపోయింది."

మర్నాటి నుంచి ఫైళ్ళొచ్చాయి. బల్ల మీద పట్టక నేల మీద పేర్చారు. వరండాలో జనం బారులు తీరారు. పెళ్ళి రిజిస్టరు చేయించుకోవడానికి ఒక జంట రెండేళ్ళ పాపతో సహా వచ్చింది.

"దీనికి పాపనెందుకు తీసుకొచ్చారు?"

"అర్జీ పెట్టినప్పుడు ఇది లేదండి" అంది ఆమె సిగ్గుపడుతూ.

ఆమె వెనక ఒక ముసలాయన. తను బతికే ఉన్నట్టు ధ్రువపత్రం కావాలట.

"ఎదురుగా నిలబడ్డారుగా, ఇంకేం కావాలి?"

"నేనున్నానని మా ఆవిడ కూడా ఒప్పుకుంది బాబూ. ఆఫీసరు సంతకమే తక్కువ."

ఆఫీసరు పెట్టాడు. పొగరు తప్పితే వేరే రోగం లేనివాడు. పొద్దుట కూర్చుంటే మణికట్టు లాగేదాకా సంతకాలే. ముద్ర కొట్టే పని అటెండరుది. మధ్యాహ్నమయ్యేసరికి హెడ్ క్లర్కు భార్య పంపిన క్యారియరు వచ్చేది. వీధిలోకి వెళ్తే మంగలి లేచి నిలబడేవాడు, పాలాయన సైకిలు దిగేవాడు. అందరిదీ ఒకటే ప్రశ్న: "తిన్నారా బాబూ?"

నగరంలో పదకొండేళ్ళు ఒకే లిఫ్టులో ఎక్కి దిగినా, అతన్ని ఆ మాట అడిగిన పాపాన పోయినవాడు లేడు. ఇదంతా కాకా పట్టడమే అనుకున్నాడు. నేను తింటే వీళ్ళకేం, తినకపోతే వీళ్ళకేం అని విసుక్కునేవాడు. నిజం చెప్పాలంటే, సాయంత్రమయ్యేసరికి ఆ గాలి రాని ఫ్యాను కింద అతనికి ఏడుపొచ్చేది.

పదో రోజున బదిలీకి అర్జీ రాశాడు. "ఈ ఊరి మాట నాకు ఎక్కదు, నా మాట ఈ ఊరికి ఎక్కదు. ఈ ఊళ్ళో నేను పరాయివాణ్ణి. ఈ ఊరి నుంచి నన్ను తక్షణం తప్పించండి." ఒకటిన్నర పేజీలో 'ఈ ఊరు' తొమ్మిది సార్లు వచ్చింది.

పోస్టు చెయ్యమని ఇస్తే హెడ్ క్లర్కు మొహం మాడిపోయింది. "పై ఆఫీసుకి ఉత్తరాలెందుకు సార్? తేనెతుట్టెను కదిపినట్టవుద్ది. వాళ్ళు మన జోలికి రావట్లేదు, అది చాలదూ?"

వారం గడిచినా జవాబు లేదు. ఏదో ఫైలు కోసం వెతుకుతుంటే అర్జీ హెడ్ క్లర్కు సొరుగులోనే దొరికింది. ఆఫీసరు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. మళ్ళీ రాసి, కవరు తనే అంటించి, పోస్టాఫీసుకి తనే బయల్దేరాడు.

హెడ్ క్లర్కు వెంటపడ్డాడు. "ఇంకో పది రోజులాగండి సార్, మీకు పుణ్యముంటుంది! ఆస్పత్రి ఫైలొకటి, మంచినీళ్ళ ట్యాంకు ఫైలొకటి మిగిలాయి. అవి కానివ్వండి, మేమే దగ్గరుండి రైలెక్కిస్తాం."

"ఒక్క రోజు కూడా కుదరదు! నేనసలు ఇక్కడ ఉండాల్సినవాణ్ణే కాదు!"

"మా భయమూ అదే సార్" అని గొణిగాడు హెడ్ క్లర్కు.

కవరు డబ్బాలో పడింది. ఆ రోజు నుంచి హెడ్ క్లర్కు ఆ రెండు ఫైళ్ళూ చంకన పెట్టుకుని ఆఫీసరు వెనకే తిరిగాడు. ఆస్పత్రి దాని మీద సంతకమైంది. ట్యాంకు దాని మీద కావాల్సిన రోజునే బదిలీ అర్జీకి జవాబొచ్చింది.

ఆఫీసంతా గది గుమ్మంలో మూగింది. హెడ్ క్లర్కు ట్యాంకు ఫైలు బల్ల మీద పరిచి, "ముందు ఇది కానిచ్చి, తర్వాత చదువుకోండి సార్" అన్నాడు పెన్ను మూత తీసి అందిస్తూ. పోయేముందు ఆ మాత్రం చేస్తే పోలేదా అనుకుని, చూడకుండానే సంతకం గీకేసి, ఆఫీసరు ఆత్రంగా కవరు చింపాడు.

"తమరి అర్జీ, కవరు మీది తపాలా ముద్ర పరిశీలించిన మీదట, తమరిని నియమించిన ఊరు అది కాక దాని తర్వాతి స్టేషను అయినందునా, అక్కడ తమరు నేటివరకూ చేరనే లేనందునా, మేము వెయ్యని ఊరి నుంచి తమరిని బదిలీ చేయుటకు వీలుపడదని తెలియజేయడమైనది."