తినే చేతి వైపు

"వెనక రానని ఒట్టేశావు."

"రావడం లేదుగా!"

"మరి ఆ స్తంభం పక్కన ఎగురుతున్న పచ్చ చున్నీ ఎవరిది?"

చున్నీ చటుక్కున మాయమైంది. కాసేపటికి ఆమె తనే బయటికొచ్చింది, మెడలో ఆఫీసు కార్డు, మొహంలో దొరికిపోయిన నవ్వు.

"నాన్నా, బస్సెక్కేదాకా వస్తాను. అంతే."

"అమ్మా! మాటంటే మాటే. ఇవాళ నేనొక్కణ్ణే వెళ్తాను. దారి తప్పానంటే రేపటి నుంచి నువ్వు చెప్పినట్టే. ఆటో, పక్కన కాపలాకి ఓ మనిషి. సరేనా?"

పందెం అదే. నెల కిందట ఇదే మెట్రో స్టేషన్లో రైలు దిగి, కిందికెళ్లి బస్సెక్కాల్సింది పోయి, రెండో లైను రైలెక్కి ఊరి చివర తేలాడు. ఆ సాయంత్రమే ఇంట్లో అందరూ కూర్చుని తీర్మానం చేసేశారు, ఇక ఒంటరిగా గుమ్మం దాటనివ్వకూడదని. తప్పెలా జరిగిందని ఒక్కరూ అడగలేదు.

అసలు తప్పు ఆమెదే. "కిందికి దిగగానే అన్నం తినే చేతి వైపు తిరుగు నాన్నా, ఇక మర్చిపోవు" అంది. తను తినేది ఎడమ చేత్తో. అటే తిరిగాడు.

కుడి చెయ్యి చెప్పిన మాట వినదు. రోజూ పొద్దున్నే కూర్చోబెట్టి ఆ చేతికి చెంచా ఇస్తారు. సగం ఒళ్లో పడుతుంది. నాలుగు గీతల పుస్తకంలో అక్షరాలు దిద్దిస్తారు. అవి గీత దాటి ఎటో వెళ్లిపోతాయి. దగ్గర కూర్చుని ఇంత ఓపిగ్గా నేర్పే మనిషే, ఆ ఒక్క సంగతీ మర్చిపోయింది!

"నీళ్లు పెట్టుకున్నావా?"

"ఆ."

"బిస్కెట్లు? దారిలోనే తినెయ్యకు."

"ఆ, ఆ. ఇక వెళ్లు. ఆఫీసులో తిడతారు."

ఆమె వంగి బూటు పట్టీ సరిచేయబోయింది. కాలు వెనక్కి లాక్కున్నాడు. తాళ్లు కట్టుకోవడం ఇంకా కుదరడం లేదు. అందుకే ఈ అంటుకునే పట్టీల బూట్లు. అయితేనేం, ఇవాళ తనంతట తను వేసుకున్నాడు. వాటి మీద ఇంకొకరు చెయ్యి వేయడానికి వీల్లేదు.

ఎస్కలేటర్ ముందు ఆగాడు. కాళ్ల దగ్గర మెట్లు పుట్టుకొస్తున్నాయి, జారిపోతున్నాయి. వెనక జనం తోసుకొస్తున్నారు.

"చెయ్యి పట్టుకోనా?" అందొక కాలేజీ అమ్మాయి.

"వద్దు."

ఆ పిల్ల నొచ్చుకోలేదు. ఒక మెట్టు వెనకే నిలబడి, తోసుకొచ్చేవాళ్లకి తన బ్యాగు అడ్డం పెట్టింది. అది గమనించనట్టే ఉండిపోయాడు.

కింద పెద్ద హాలు. ఒక పక్క రెండో లైను, ఒక పక్క బస్సులు. మధ్యలో ఎవరి తొందర వాళ్లది.

"తినే చెయ్యి కాదు," అని గొణుక్కున్నాడు. "తినని చెయ్యి."

ఇన్నాళ్లూ తనకు మొండిచెయ్యి చూపించిన ఆ చెయ్యే ఇవాళ దారి చూపించాలి. దాని వైపే తిరిగాడు. బస్సులు కనిపించాయి.

మూసుకుపోతున్న బస్సు తలుపు, డ్రైవరు అద్దంలో చూశాడు కాబోలు, మళ్లీ తెరుచుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు కండక్టరు.

కంగారు పడితే మాట నోట్లోనే అడ్డం తిరుగుతుంది. "స్కూ... స్కూ..." దగ్గరే ఆగిపోయింది. కండక్టరు విసుక్కోలేదు. నలుగురికి టికెట్లు కొట్టి, తాపీగా మళ్లీ వచ్చి నిలబడ్డాడు.

"స్కూలు స్టాపు!"

బస్సంతా వినపడేలా వచ్చింది మాట. ఎవరో లేచి సీటు చూపించారు. కూర్చోలేదు. రాడ్డు పట్టుకుని నిలబడే వెళ్లాడు, పట్టుదలకి.

బస్సు దిగగానే జేబులో ఫోను మోగింది.

"నాన్నా, ఎక్కడున్నావు? తప్పిపోలేదు కదా?"

"తప్పిపోయినవాడు ఇంత ధీమాగా ఫోనెత్తుతాడా? పెట్టెయ్యమ్మా!"

గంట కొట్టకముందే స్కూలు గేటు దగ్గరికి చేరాడు. బూట్ల వైపు చూసుకున్నాడు. పట్టీలు ఊడలేదు.

గంట మోగింది. గేటు తెరుచుకుంది. రిబ్బను ఊడిపోయిన జడతో ఒక పిల్ల అందరినీ తోసుకుంటూ పరిగెత్తుకొచ్చి, ఆ మాట వినని చేతినే పట్టుకుని ఊపేసింది: "తాతయ్యా, ఇవాళ నువ్వొక్కడివే వచ్చావా!"