అమ్మ కణాలు

“మేడమ్, ఇవి మీ అమ్మగారి కణాలు కావు.”

జూనియర్ పరిశోధకురాలు ఆ మాట గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది. లోపలికి రావడానికి ధైర్యం చాలలేదు.

మేడమ్ కణాల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ తలుపు మూసి వెనక్కి తిరిగింది. “తలా తోకా లేని మాటలు మాట్లాడకు. అమ్మ కణితిలోంచి ముక్క తీయించి నా చేతుల్తో పెంచాను. అమ్మ పోయింది గానీ ఇవి పోలేదు. ఇన్నేళ్లూ వీటికి తిండి పెడుతున్నది నేనే.”

నిజమే. సెలవు లేదు, జ్వరం లేదు. “బతికుండగా కూడా మా అత్తగారు ఇంత సేవ చేయించుకోలేదు” అని మేడమ్ భర్త వేళాకోళం చేసేవాడు. క్యాన్సర్ ముదిరేముందు కణంలో ఏ ప్రోటీన్లు పెరుగుతాయో, ఏవి తరుగుతాయో ఆమె కనిపెట్టిందంతా ఈ కణాలు పెరిగే చిన్న డిష్షుల్లోనే. ఆమె పేరు, ఉద్యోగం, ల్యాబులో అందరి తిండీ వాటి మీదే నిలబడ్డాయి.

కొత్త పరిశోధన పేపరు వేసుకోవాలంటే కణాలు ఎవరివో రుజువు చూపమన్నారు సైన్సు పత్రికవాళ్లు. అమ్మ లేదు కనుక, డీఎన్‌ఏ పరీక్షలో కూతురి రక్తంతో పోల్చి చూశారు.

“బిడ్డకి సగం తల్లి నుంచే కదా మేడమ్ వచ్చేది. ఆ సగం కలవడం లేదు.”

“నా రక్తం ఎవరిదాంతోనో మారిపోయిందేమో?”

“రెండోసారి మీరే కదా దగ్గరుండి ఇచ్చారు. మళ్లీ అదే వచ్చింది.”

మేడమ్ స్టూలు మీద కూలబడింది. ఏం జరిగి ఉంటుందో ఆమెకు విడమరిచి చెప్పక్కర్లేదు. పక్క డిష్షులోంచి ఎవరివో కణాలు ఒకటో రెండో వచ్చి పడతాయి. అవి గబగబా పెరిగి అసలువాటిని లేకుండా చేస్తాయి. పైకి ఏ తేడా తెలియదు. ఎన్నో ల్యాబుల కొంప ముంచిన పొరపాటు అది.

“అంటే ఇన్నాళ్లూ ముక్కూ మొహం తెలియనివాళ్లకి సేవ చేశానన్నమాట. అమ్మ ఎప్పుడో రెండోసారి పోయింది. నాకే తెలియలేదు.”

“మరి మన పేపర్లు... వెనక్కి తీసుకోవాలా మేడమ్?”

“తీసుకోక? తప్పని తెలిశాక పట్టుకుని వేలాడతామా?” కన్నీళ్లు దాచుకునే ఓపిక కూడా ఆమెకు లేకపోయింది. “ఒక్క పని చెయ్యి. అమ్మకి ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో కణితి ముక్క మైనంలో దాచి ఉంటుంది. తెప్పించి, దాంతో కూడా పోల్చు. ఉరితీసేముందు చివరి కోరిక అనుకో.”

ఆ ముక్క వచ్చేదాకా ల్యాబులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మేడమ్ రాజీనామా రాసి పెట్టుకుంది. అయినా రోజూ పొద్దున్నే వచ్చి డిష్షుల్లో పాత ద్రవం తీసేసి కొత్తది పోసింది. ఎవరివైతేనేం, ఆకలి ఆకలే కదా అనుకుంది.

ఈసారి జూనియర్ గుమ్మం దగ్గర ఆగలేదు. పరుగెత్తుకొచ్చింది.

“మేడమ్! అమ్మగారివే! ఆసుపత్రి ముక్కతో అచ్చుగుద్దినట్టు కలిశాయి! ఒక్క పరాయి కణం కూడా లేదు! మన పేపర్లు బతికిపోయాయి!”

ల్యాబంతా కేకలు, చప్పట్లు. జూనియర్ ఏడుస్తూ నవ్వుతోంది. “అనవసరంగా కంగారుపెట్టి చంపేశాను మేడమ్, క్షమించండి.”

మేడమ్ నవ్వలేదు. ఆ సందడిలో ఎవరూ గమనించలేదు. ఆమె ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లింది.

“నాన్నా,” అంది, “నన్ను ఎక్కణ్ణించి తెచ్చుకున్నారు?”